ఊరు నిలుపు ఆట: యానాం చరిత్ర చెప్పు పాఠములు

గడచిన సంక్రాంతి సెలవులలో మా మనుమడు తన సెల్ ఫోనులో ఒక ఆట ఆడుచు నన్ను పిలిచి చూపించెను. తుపానులో ఓడ పగిలి ఒక మనుష్యుడు ఒంటరిగా ఒడ్డునకు కొట్టుకొని వచ్చును. అతడు చెట్లు నరికి గుడిసె వేయును. చేపలు పట్టి, గింజలు చల్లి ప్రాణము నిలుపుకొనును. పిమ్మట ఇద్దరు ముగ్గురు వచ్చి చేరుదురు. ఇండ్లు, గాదెలు, ప్రాకారములు ఒకదాని వెంట నొకటి లేచి తుదకు పట్టణమగును. నడుమ నడుమ అడవిలోనుండి ఎవరో కేకలు వేయుచు వచ్చి మీద పడుదురు. వారిని చంపినచో బంగారు నాణెములు లభించును. "వీరెవరురా?" అని అడిగితిని. "ఎవరో తాతయ్యా, ఆ అడవిలో ముందునుంచీ ఉన్నవాళ్లు" అని వాడు తల యెత్తకుండనే బదులు చెప్పెను. కొంతసేపటికి వాడే ఫోను ప్రక్కన పెట్టి, "మన ఊళ్లతో ఇలాంటి ఆట చేయకూడదా తాతయ్యా? నేను చదువుతున్నది ఆ పనే కదా" అనెను.

ఆ ప్రశ్నకు నాటి రాత్రి నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. తరువాత నాలుగు పుస్తకములు తిరుగవేసి, చిన్ననాట చూచిన గోదావరి లంకలను జ్ఞాపకము చేసికొని, ఆలోచించి వ్రాసిన సమాధానమే ఈ వ్యాసము. తెలుగునాటికి వెలుపల స్థిరపడి, పిల్లలకు తమ ఊరి పేరైనను తెలియవలెనని తపించు కుటుంబములు మనలో ననేకములు కలవు. వారికిది కొంత ఉపకరించునని నా ఆశ.

ప్రాణము నిలుపుకొనుట, ఊరు కట్టుట అను ఈ రెండు పనులను ఆటగా మార్చుట నేటి వింత కాదు. 1964లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున మేబెల్ ఆడిస్ అను ఉపాధ్యాయిని, ఐ.బి.యం. సంస్థవారి సహాయముతో బడిపిల్లల కొరకు సుమేరియా దేశపు ఆటను కల్పించెను. అందు పిల్లవాడు లగాష్ నగరపు రాజగును. పండిన ధాన్యములో ప్రజల తిండికెంత, విత్తనమునకెంత, నిలువకెంత అని అతడు నిర్ణయింపవలెను. 1971లో మిన్నెసోటా రాష్ట్రమున ముగ్గురు యువ ఉపాధ్యాయులు కలిసి, బండ్లు కట్టుకొని ఆరిగన్ సీమకు వలసపోవు కుటుంబముల కథను ఆటగా చేసిరి. 1989లో విల్ రైట్ కల్పించిన 'సిమ్ సిటీ' నగరనిర్మాణమునే వినోదముగా మార్చెను. 1995లో జర్మనీ దేశపు క్లాస్ టోయ్బర్ 'కటాన్' అను బల్లమీది ఆటను వెలువరించెను. 2012 తరువాత 'క్లాష్ ఆఫ్ క్లాన్స్' వంటివి ఈ విద్యను అరచేతి ఫోనులోనికి దింపినవి.

ఈ ఆటలలో నేర్పు కలదు, శ్రమ కలదు. నిందించుట నా ఉద్దేశము కాదు. కాని పెక్కింటికి మూలమున నొక ఊహ సమానముగా కనబడుచున్నది. భూమి ఖాళీగా నున్నది, వచ్చినవాడే మొదటివాడు, కట్టినవాడే యజమాని, వెలుపలివాడు శత్రువు. కటాన్ ద్వీపమున ముందుగా నెవరును లేరు. మా మనుమని ఆటలో ముందుగా నున్నవారికి పేరు లేదు. ఈ ఊహ సత్యమేనా యని పరీక్షించుటకు తెలుగుసీమలో యానామును మించిన ఊరు నాకు కనబడలేదు. ఏలయన, సముద్రము దాటి వచ్చినవారు అక్కడ స్థావరము వేసిరి, విడిచిరి, మరల వేసిరి, పోగొట్టుకొనిరి, మరల పొందిరి. తుపానులు దానిని తుడిచినవి. కరవు దానినుండి మనుష్యులను తరలించినది. ఐనను ఊరు నిలిచినది. ఎట్లు నిలిచినది? ఆ ప్రశ్నకు సమాధానమే మనము చేయదలచిన ఆటకు నియమావళి కావలెను.

యానాం గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ చీలు తావున, కాకినాడకు ముప్పది కిలోమీటర్లలోపున నున్నది. ఫ్రెంచివారు దీనిని 'యనావొఁ' అని పిలిచిరి. 1723లో వారు ఇక్కడ వర్తకస్థావరము నెలకొల్పి, లాభము చాలక 1727లో విడిచిపోయి, 1731లో తిరిగి వచ్చిరి. వారు వచ్చునప్పటికి ఈ నేల ఖాళీగా నుండెనా? లేదు. చేరువనున్న ఇంజరములో ఇంగ్లీషువారు 1708లోనే వర్తకశాల పెట్టియుండిరి. డచ్చివారు ద్రాక్షారామము, పాలకొల్లు, జగన్నాథపురములలో వ్యాపారము చేయుచుండిరి. ఇన్ని దేశములవారు ఈ మూలకు వచ్చుటకు కారణము ఈ సీమ సాలెవారి మగ్గములనుండి దిగు సన్నని బట్ట, కోరంగిలో ఓడలు కట్టి బాగుచేయు వడ్రంగుల పనితనము, కొండలనుండి గోదావరి మీదుగా తేలివచ్చు టేకు కలప. అనగా మగ్గము ముందు, కోఠీ పిమ్మట. పడవ ముందు, జెండా పిమ్మట. ఊరు కట్టినవాడు దొర కాడు. దొర వచ్చి చేరిన ఊరది.

కావున ఆటకు మొదటి నియమమిది: పటము ఖాళీగా నుండరాదు. ఆట మొదలగునప్పటికే అందు సాలెవీధి, బెస్తవాడ, పంటచేలు, రేవు ఉండవలెను. ఆటగాడు కొత్తగా వచ్చినవాడు. అతడు అడుగుపెట్టుటకు అనుమతి వేడవలెను, నీటిరేవు పంచుకొనవలెను, సరసమైన ధర యిచ్చి బట్ట కొనవలెను. ధర తగ్గించి పీడించినచో సాలెవాడు మరునాడు ఇంజరము వర్తకునికి అమ్మును. ఇంతటి కథయున్న చోట అడవిలోనుండి పేరులేని శత్రువులను పుట్టింపవలసిన అవసరమే లేదు.

రెండవ పాఠము ఇంకను విచిత్రమైనది. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. బుస్సీ దొర పేరు కోస్తా అంతటను మారుమ్రోగెను. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధములో ఆయన విజయనగరము పక్షమున నిలిచిన కథ తెలుగువారిలో నెరుగనివారుండరు. మరుసటి యేడు డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణము పోయెను. సర్కారులమీద వారి ఆశ అంతటితో నడుగంటెను. అటుపిమ్మట ఇంగ్లండునకును ఫ్రాన్సునకును ఐరోపాలో యుద్ధము వచ్చినప్పుడెల్ల యానాం ఇంగ్లీషువారి చేతికి పోవుటయు, సంధి జరిగినప్పుడెల్ల తిరిగి వచ్చుటయు ఆచారమయ్యెను. 1763లోను, 1783లోను, 1814లోను కుదిరిన సంధులు మూడును ఈ ఊరిని ఫ్రెంచివారికి తిరిగి యిచ్చినవే. ఎక్కడో రాజులు సంతకములు చేయుచుండగా ఇక్కడ రేవులో జెండా మారుచుండెను. బెస్తవాని వల మాత్రము మారలేదు.

1814 నాటి పారిస్ సంధిలో నొక నిబంధన కలదు. భారతదేశమున తమకు తిరిగి దక్కిన స్థావరములలో ఫ్రెంచివారు కోటలు కట్టరాదు. శాంతిరక్షణకు వలసినంత మందిని తప్ప సైన్యము నుంచరాదు. మరుసటి యేడు జరిగిన ఒప్పందమున ఉప్పు వ్యాపారము మీద పెత్తనము కూడ ఇంగ్లీషువారికి దక్కెను. అందుకు బదులుగా వారు ఫ్రెంచివారికి ఏటేట నాలుగు లక్షల సిక్కా రూపాయలు చెల్లించుటకు ఒప్పుకొనిరి. ఆట కల్పించు యువకులు ఈ రెండు షరతులను శ్రద్ధగా గమనింపవలెను. గోడ లేదు, సైన్యము లేదు, తన ఉప్పు మీద తనకు స్వేచ్ఛ లేదు. నలుదిక్కుల బ్రిటిషు భూమి. ఇట్టి ఊరు ఆ తరువాత నూటనలుబది సంవత్సరములు వేరు ఊరుగా నిలిచినది. లోకమునందలి ఏ ఆటలోనైనను గోడ లేని ఊరు మొదటి దాడికే కూలిపోవును. యానామును నిలిపినది గోడ కాదు, ఇరుగుపొరుగు. పాలు, బియ్యము, కూరగాయలు, పెండ్లి సంబంధములు సరిహద్దు దాటి వచ్చుచు పోవుచు నుండెను. భాష ఒకటి, పండుగలొకటి, నది ఒకటి. సరిహద్దురాయికి అటునిటు నుండినవారు బావమరదులు.

ఇక్కడ మన పెద్దల ఆట యొకటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. గుడి అరుగులమీద, సత్రముల బండలమీద చెక్కియుండు పులిమేక పటమును చూడనివారుండరు. పులులు మూడు, మేకలు పదునైదు. వెనుక చోటు ఖాళీగానున్న మేకను పులి దాటి చంపును. వెనుక మరియొక మేక నిలిచియున్నచో ఏమియు చేయజాలదు. మేకలు గెలుచుట పులిని చంపి కాదు, కదలనీయకుండ కూడి నిలిచి. ఊరు నిలుచు రహస్యమంతయు ఆ బండమీద గీసియున్నది. ప్రాకారములు లేచు ఆటలు చూచి మురియు మన పిల్లలకు ఈ పటమును తొలుత చూపవలెను.

మూడవ పాఠము సముద్రము చెప్పును. కోరంగి తీరమున 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెనలో మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి లేచి ఊళ్లను ముంచెనని వ్రాతలు కలవు. 1839 నవంబరులో అంతకంటె దారుణమైన తుపాను వచ్చెను. నలువది అడుగుల కెరటము లేచెననియు, మృతులు మూడు లక్షలనియు గ్రంథములలో కనబడుచున్నది. శవములను లెక్కించినవారు లేరు గనుక ఆ అంకెను అక్షరాల నమ్ముట కష్టము. కాని ఓడలు కట్టుటలో పేరుగన్న కోరంగి మరల తలయెత్తలేదన్న మాట నిజము. నది తెచ్చు ఒండ్రు రేవును పూడ్చివేయగా వ్యాపారము కాకినాడకు తరలిపోయెను. కాకినాడ ఎదుట నేడు కనబడు హోప్ దీవి గోదావరి ఒండ్రుతోనే ఏర్పడినది. నది ఒకచోట రేవును మ్రింగి, ఒకచోట దీవిని కన్నది. ఈ తీరపు ఉప్పెనలను గూర్చి వ్రాసిన హెన్రీ పిడింగ్టన్ తన 1848 నాటి గ్రంథమున 'సైక్లోన్' అను మాటను నావికులకు నేర్పెను. నేడు లోకమంతయు వాడు ఆ పదమునకును మన తీరపు కన్నీటికిని ఇట్టి చుట్టరికము కలదు.

మన కాలమునను 1986 ఆగస్టులో గోదావరి మహావరద వచ్చినది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను వేయిమందికి పైగా ప్రజలను బలిగొని, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసినది. అట్టి ప్రతి గాలివానలోను తీరపు మడ అడవి తన వెనుకనున్న ఊళ్లకు కెరటపు దెబ్బను కొంత తగ్గించును. మడచెట్ల వేళ్లు బురదను పట్టి నిలుపును, నీటి వేగమును విరుచును. వాని నీడలో చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగును. అందుచేతనే 1978లో కోరంగి మడ అడవిని వన్యప్రాణి రక్షితప్రాంతముగా ప్రకటించిరి. మా మనుమని ఆటలో చెట్టు నరికిన తక్షణమే కలప లభించును. నరికినందుకు శిక్ష లేదు. యానాం ఆటలో మడ నరికినచో కలప నాడే లభించును. వేట మరుసటి యేడు తగ్గును. పదియేండ్లకు వచ్చు ఉప్పెనలో ఇల్లు పోవును. తప్పు చేసిన దినమునకును ఫలము కుడుచు దినమునకును నడుమ దూరముండుటయే లోకరీతి. ఆ దూరమును చూపలేని ఆట వినోదమగును గాని విద్య కాదు.

ఆటలో కాలము గడచు విధమును గూర్చి యొక మాట. పశ్చిమదేశపు ఆటలలో నాలుగు ఋతువులు, మంచు, చలికాలము ఉండును. మన రైతు కాలమును కొలుచునది ఇరువదియేడు కార్తెలతో. ఒక్కొక్క కార్తె పదుమూడు పదునాలుగు దినములు. ఏరువాక ఎప్పుడు, నారు ఎప్పుడు, కోత ఎప్పుడు అనునది కార్తెలు చెప్పును. బెస్తవానికి సముద్రపు పోటుపాట్లు గడియారము. ఒక కార్తెను ఒక ఆవృత్తిగా పెట్టినచో పిల్లవాడు పది నిమిషములలో ఒక కార్తె నడపి ఫోను క్రింద పెట్టవచ్చును. ఇరువదియేడు కూర్చుండులకు ఒక సంవత్సరము పూర్తియగును. ఫోను ఆటకు ఇంతకంటె అనుకూలమైన కొలత వేరొకటి యుండదు. విత్తనము, నిలువ, పంపకము అను లెక్క నేర్పుటకు మన యాడువారి వామనగుంటలు ఉండనే యున్నవి. పదునాలుగు గుంటలలో చింతగింజలు పంచుచు ఎక్కడ ఆగిన ఎక్కడ నిండునో ముందుగా ఊహించు ఆ ఆట, ధాన్యపు గాదెకు చిన్న నమూనా. ఇక తుపాను, వరద, కరవు అనునవి వైకుంఠపాళిలోని పాములు. ఎంతటి జాగ్రత్తపరుని నైనను ఒకనాడు పాము మ్రింగును. మ్రింగిన పిమ్మట ఏ గడిలో తేలుదుమనునది మాత్రము ముందు చేసికొన్న యేర్పాటును బట్టి యుండవలెను.

నాలుగవ పాఠము చెప్పుటకు మనస్సు బరువగుచున్నది. గోదావరి సీమ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున కరవులతో కుంగిపోయెను. 1832–33 నాటి డొక్కల కరవు పేరు నేటికిని వృద్ధుల నోట వినబడును. నాటి రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7,38,000. అది 1841 నాటికి సుమారు 5,61,000కు దిగజారెను. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలిడి 1852లో పూర్తిచేయు వరకు ఈ సీమకు తెరపి లేకపోయెను. ఈ దుర్దశలోనే కూలీల ఓడలు బయలుదేరినవి. 1828లో యానాం రేవునుండి పదునైదుగురు తెలుగువారు ఫ్రెంచివారి రీయూనియన్ దీవికి ఒడంబడిక కూలీలుగా పోయిరి. ఆ దీవికి పోయిన ఒడంబడిక కూలీలలో వీరే మొదటివారని చరిత్రకారులు వ్రాసిరి. రెండు మూడేండ్లలో ఆ దీవికి చేరిన భారతీయులు మూడువేలైరి. 1848 డిసెంబరు 20న అక్కడ బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకుతోటలకు కూలీల అవసరము మరింత పెరిగెను. 1860లోను, 1861లోను ఇంగ్లండు, ఫ్రాన్సులు ఒప్పందములు చేసికొని బ్రిటిషు ప్రజలను కూడ కూలీలుగా గొనిపోవుటకు దారి తెరచినవి. మారిషసులోను బర్మాలోను తెలుగువారిని 'కోరంగివారు' అని పిలిచిరి. ఒక రేవు పేరు ఒక జాతికి పేరయ్యెను. ఆ రేవు పూడిపోయినను ఆ పేరు సముద్రమునకు ఆవల నిలిచినది.

సాధారణమైన ఆటలో ఊరు విడిచిన మనిషి లెక్కలోనుండి తొలగిపోవును. జనసంఖ్య అను అంకెలో ఒకటి తగ్గును, అంతటితో సరి. కాని ఆ పదునైదుగురికి తల్లులుండిరి, ఇండ్లుండెను. మనలో ననేకుల పూర్వులు అట్లు పోయినవారే. కొందరు ఓడమీద, కొందరు రైలుమీద, కొందరు కాలినడకన. అందువలన యానాం ఆటలో కరవు కార్తెయందు ఆటగాని ముందు ఈ ధర్మసంకటము నిలువవలెను. మేస్త్రీ వచ్చి బయానా యిచ్చి పదిమందిని పంపుమనును. పంపినచో గాదెలోని ధాన్యము మిగిలినవారికి చాలును. పంపనిచో అందరును పస్తులుందురు. పంపిన మీదట వారు మాయమైపోరాదు. కొన్ని యేండ్లకొక ఉత్తరము రావలెను, లేదా రాకుండుట తెలియవలెను. ఆట ముగిసిన పిమ్మట ఊరిలో మిగిలినవారి పేర్లతోపాటు పోయినవారి పేర్లు కూడ వ్రాసి చూపవలెను. అప్పుడే ఆ లెక్క న్యాయమైన లెక్కయగును.

ఊరు బ్రతుకుటకు చేసిన పనులన్నియు మంచివి కావని చెప్పుటకు మరియొక ఉదాహరణము కలదు. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1929లో వెలువడి 1930 ఏప్రిలు 1 నుండి బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చెను. ఫ్రెంచివారి యానామునకు ఆ చట్టము వర్తింపదు. చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనులు పసిపిల్లలను వెంటబెట్టుకొని వచ్చి ఇక్కడ పెండ్లిండ్లు చేసిరి. బాజాభజంత్రీలవారికి, వంటవారికి, సత్రములవారికి పని దొరకెను. ఊరికి 'కల్యాణపురము' అను పేరు వచ్చెను. ఆ పేరు వినుటకు ఇంపుగానుండును. దాని వెనుక బడికి పోవలసిన బాలికలున్నారు. సరిహద్దు ఒకనాడు రక్షణయగును, ఒకనాడు పాపమునకు మరుగగును. ఆటలో సొమ్ము పెరిగినచో గెలుపు అని వ్రాసినవాడు ఈ కథను చదువవలెను.

ఐదవది, చివరిది యగు పాఠము స్వాతంత్ర్యోద్యమమునకు సంబంధించినది. 1947 తరువాతను యానాం ఫ్రెంచివారి అధీనమునందే యుండెను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వమున విమోచనోద్యమకారులు ఊరిలో ప్రవేశించి పాలనను స్వాధీనపరచుకొనిరి. అదే యేడు నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు యానాం భారతదేశపు పరిపాలనలోనికి వచ్చెను. 1956 మే 28న విలీనపు ఒడంబడికపై సంతకములు జరిగినవి. 1962 ఆగస్టు 16న అది అమలులోనికి వచ్చెను. ఈ స్థావరముల ప్రత్యేకస్థితిని మార్చదలచినచో ప్రజల యభిప్రాయము తెలిసికొని పిమ్మటనే మార్చవలెనని ఆ ఒడంబడికలో వ్రాసియున్నది. భారతపౌరసత్వమా, ఫ్రెంచి పౌరసత్వమా అని యెన్నుకొను అవకాశమును కొందరికి కలిగెను. ఒకే వీధిలో ఇద్దరు అన్నదమ్ములు రెండు దేశముల పౌరులుగా నుండుటకు అది అవకాశమిచ్చెను.

అందుచే నేడు యానాం, చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉండగా, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమునందలి పుదుచ్చేరికి చెందిన జిల్లా. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్య 55,626. తమిళము అధికముగానున్న కేంద్రపాలిత ప్రాంతములో ఇది తెలుగు మాటాడు చిన్న జిల్లా. తెలుగునాట నుండియు తెలుగుపాలనకు వెలుపల నుండుట యానామువారి వంతు. తెలుగునాటికి వెలుపల నుండియు తెలుగును నిలుపుకొనుట మన వంతు. ఇరువురి సమస్యయు ఒకటే: చిన్న గుంపు పెద్ద గుంపు నడుమ కలహింపక, కరగిపోక ఎట్లు నిలుచును? యానాం చరిత్ర చెప్పు సమాధానము సరళమైనది. గోడ కట్టి కాదు. ఇచ్చిపుచ్చుకొనుచు, తన మాట తాను మరువక.

ఇంతవరకు చెప్పినది ఆటకు కావలసిన సరకు. ఇక పనితనమును గూర్చి మన యువకులకు రెండు మూడు సూచనలు మాత్రము చేయుదును. మొదట ఫోను జోలికి పోవలదు. నేలమీద ముగ్గుతో పటము గీసి, చింతగింజలు ధాన్యముగా, గవ్వలు పడవలుగా పెట్టి, ఇంటిలో నలుగురు కూర్చుండి ఆడిచూడుడు. నేలమీద రక్తికట్టని ఆట గాజుపలకమీద రక్తికట్టదు. పిమ్మట ఫోనులో చేయునప్పుడు ఖరీదు తక్కువ ఫోనులలోను, ఇంటర్నెట్టు అందని పల్లెలోను అది నడచునట్లు చేయుడు. ఎప్పుడు ఆపినను ఆపినచోటనే మరల మొదలగునట్లుండవలెను. అక్షరములు పెద్దవిగా తెలుగులో నుండవలెను. తెలుగు చదువుట రాని మన పిల్లల కొరకు ప్రతి మాటను చదివి వినిపించు గొంతు కూడ నుండవలెను. ఆ గొంతు మీ అమ్మమ్మలదైనచో మరియు మంచిది. ఆట నడుమ నిలిపి, రూపాయలు చెల్లించినగాని తుపాను ఆగదని బెదరించు దురాచారమును దగ్గరకు రానీయవలదు. యానాం తీరమున ఏ ఉప్పెనయు లంచము తీసికొనలేదు.

ఈ మాటలన్నియు మొన్న మా మనుమనికి చదివి వినిపించితిని. వాడు పాత క్యాలెండరు వెనుకవైపున గౌతమిని, కోరంగి పాయను, మడ అడవిని, సాలెవీధిని గీచెను. రేవు దగ్గర పెన్సిలు ఆపి, "తాతయ్యా, ఓడెక్కి వెళ్లినవాళ్లను ఎక్కడ పెట్టను? కాగితం అయిపోయింది కదా" అని అడిగెను. "ఇంకొక కాగితము అతికించరా నాయనా, మనముండేది అక్కడే" అని చెప్పితిని. వాడు బంక తెచ్చుటకు లోనికి పోయెను.

పాఠకమహాశయులకు నాదొక విన్నపము. మీ తాతముత్తాతలు బయలుదేరిన ఊరి పేరు, వారు దాటిన ఏటి పేరు, ఎక్కిన రేవు పేరు, తెచ్చుకొన్న పనిముట్టు పేరు మీ ఇంటిలో ఎవరికైనను తెలిసియున్నచో నేడే యొక నోటుపుస్తకములో వ్రాసియుంచుడు. అవి మన పిల్లలు చేయు ఆటకు పనికివచ్చునో లేదో నేను చెప్పజాలను. కాని వ్రాయకున్నచో, ఏదో ఒకనాడు ఎవరో కల్పించిన ఆటలో మనము 'ముందునుంచీ ఉన్న ఎవరో'గా మిగిలిపోవుదుము.